మొక్కలకు పోసిన నీళ్లు

మా వీధిలో బోరు నీళ్లు ఎవరూ తాగరు. వాసనొస్తాయి, ఒక్కోసారి పసుపు రంగు తేలుతుంది. తాగడానికి క్యాన్లు వేయించుకుంటాం. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు, మొక్కలకు. ఇస్నాపూర్‌లో ఇది ఎవరూ నేర్పనక్కర్లేని ఇంగితం.

పోయిన ఏడాది మా నాలుగేళ్ల పాపకు వరసగా జ్వరాలొచ్చి, మందుల మీద మందులు వాడాక కడుపు చెడింది. ఏం తిన్నా నిలవదు. యాంటీబయాటిక్స్‌తో పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు కూడా పోయాయన్నాడు డాక్టరు. మజ్జిగ, ఆకుకూరలు పెట్టమన్నాడు. "బజారువైతే మందులు కొట్టినవి. ఇంట్లో పండించినవైతే మరీ మంచిది" అన్నాడు.

మా అత్తకు అంతకన్నా ఏం కావాలి? ఆమె ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన రైతుబిడ్డ. భూమి మందుల ఫ్యాక్టరీలకు పోయినా, ఇంటి వెనక నాలుగు మడులు మాత్రం వదల్లేదు. "నేన్ సెప్తే ఇన్నవా? గా సూపర్ మార్కెట్ల కూర ఉత్త గడ్డి. నా మన్మరాలికి నేన్ పెడ్త సూడు" అని నన్ను దెప్పింది. ఆ రోజు నుంచి పాలకూర, కాకుంటే గంగవాయిలి కూర. పాప ముద్ద ముద్దకూ నోరు తెరిచేది. చూసి నేనూ మురిసిపోయాను.

పాప కోలుకోలేదు. చేతులు పుల్లల్లా అయ్యాయి. సంగారెడ్డిలో ఇంకో డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె "మొక్కలకు ఏ నీళ్లు పోస్తారు?" అని అడిగింది.

"బోరువి" అంది అత్త.

"అవి మీరు తాగుతారా?"

"గవెట్ల తాగుతమమ్మా? కంపెనీల మందు నీళ్లు గలిసినయ్ గద" అంది అత్త. అని, ఆగిపోయింది.

డాక్టరమ్మ తిట్టలేదు. ఖాయంగా చెప్పలేనంది. ఆ నీళ్లలో యాంటీబయాటిక్స్ ఉండొచ్చు, ఆకుల్లోకి ఎక్కొచ్చు, కొన్నాళ్లు ఆ కూర మానమంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాకు కంపెనీల మీది కోపం అత్త మీదికి పోయింది. ఆటోలో నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె ఇంటికొచ్చి మడుల్లోని కూరంతా పీకేసింది. పక్కింటామె అలవాటుగా గిన్నె పట్టుకుని వస్తే, "ఇయ్యను బిడ్డా" అంది. ఆమె ఎవరికైనా కూర లేదనడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రం బజారుకెళ్లాను. పాలకూర కట్టలు నిగనిగలాడుతున్నాయి. ఎక్కడివని అడిగాను.

"ఈడియే మేడం, పాశమైలారం దిక్కు. నా బోరు కిందనే పండిచ్చిన" అన్నాడు అమ్మేవాడు గర్వంగా.

ఖాళీ సంచీతో తిరిగొచ్చాను. "నానమ్మా, కూరేది?" అంటోంది పాప. అత్త నా సంచీ వైపు చూసింది. అన్నంలో మజ్జిగ పోసి కలిపింది. ఆ మజ్జిగకు పాలిచ్చిన బర్రె ఏ నీళ్లు తాగుతుందో ఇద్దరమూ అడగలేదు.