పడేవాళ్లకు తెలియని బరువు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో తర్లుపాడు దగ్గరి ఒక పలకరాళ్ల గనిలో ఎలీషబా రాళ్లు మోసేది. ముప్పై దాటిన మనిషి. ఇంట్లో విశ్వాసం అనే అత్త తప్ప ఇంకెవరూ లేరు.

ఒక సాయంత్రం పని దిగే వేళ తలమీది రాయి దించి పడమటి కొండల వైపు చూసింది. ఎండ ఇంకా ఉంది. నల్లమల మీద వెండి గిన్నె బోర్లించినట్టు ఏదో నిలబడి ఉంది. చూస్తుండగానే దక్షిణానికి దూసుకుపోయి, వేగం తగ్గకుండానే గోడ మూల తిరిగినట్టు తిరిగి, పైకి పోయి మాయమైంది. చప్పుడు లేదు. పక్కనున్న మేస్త్రీ యల్లయ్య కూడా నోరు తెరుచుకుని చూశాడు. మర్నాడు జనం అడిగితే మాత్రం, "నేనేం చూడలేదబ్బా. ఎండకు ఆమెకు కళ్లు తిరిగింటాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ఎలీషబా వాదించలేదు.

మార్కాపురం హైస్కూల్లో సైన్సు చెప్పే సంజీవరావు ఈ సంగతి విని సైకిలు మీద గనికి వచ్చాడు. ఎగిరే పళ్లేల గురించి పత్రికల్లో వచ్చేదంతా చదివే మనిషి. ఆమె చెప్పింది చివరిదాకా విన్నాడు.

"అంత జోరులో అట్ల తిరిగితే లోపలుండేవాళ్లు నలిగిపోరా, అయ్యవారూ?" అని ఆమే అడిగింది.

"నాకూ అదే అనుమానమమ్మా. బస్సుకు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలతాం. బ్రేకు చక్రాలనే పట్టుకుంటుంది, మనల్ని కాదు. బస్సునూ, మనల్నీ, మన ఒంట్లో నెత్తురునూ ఒకే తీరుగా లాగే బలముంటే కుదుపే తెలియదు. భూమి లాగేది అట్లనే. ఆ లాగుడును కావలసిన దిక్కుకు పుట్టించుకునే యంత్రం ఉందనుకో. అది ఎగరదు, ఆ దిక్కుకు పడిపోతుంది. లోపలివాళ్లకు ఒంటి బరువు కూడా తెలియదు. ఇదంతా నా ఊహే. అట్లాంటిది ఉందని ఎవరూ రుజువు చేయలేదు."

ఎలీషబా పక్కనున్న గని గుంతలోకి తొంగి చూసింది.

"పడేటప్పుడు బరువు తెలవదా?"

"తెలియదు. అది మాత్రం ఊహ కాదు. మనిషైనా, రాయైనా అంతే."

"మా ఆయన సామ్యేలు పోయినేడు ఈ గుంతలోనే పడినాడు. నిచ్చెన జారింది. పడతా పడతా ఎంత బాధపడినాడో అని రోజూ అనుకుంటా."

సంజీవరావు ముఖం పాలిపోయింది. అంతసేపూ ఆ గుంత అంచునే నిలబడి చెబుతున్నాడు.

"నేలకు తగిలేదాకా ఒంటికి నొప్పి ఉండదమ్మా," అన్నాడు మెల్లగా. "భయం సంగతి నేను చెప్పలేను."

"ఆయనకు భయం తక్కువ," అంది ఎలీషబా.

ఇంటికి పోయి అత్తకు చెప్పింది. కొడుకు పోయినప్పటి నుంచి విశ్వాసం కంట నీరు పెట్టలేదు, అతని పేరు ఎత్తనివ్వలేదు.

"గాల్లో ఉన్నంతసేపూ నా బిడ్డకు నొప్పి లేదంటనా?" అని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ఆఖరికి కోడలి భుజం మీద తల పెట్టి, వీధిలోకి వినబడేంత గట్టిగా ఏడ్చింది.

తర్వాతి ఏడు సంజీవరావుకు నంద్యాల బదిలీ అయింది. ఆ ఇంట్లో మాత్రం ఇద్దరాడవాళ్లూ సామ్యేలు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సంగటి చల్లారితే ఎట్లా అలిగేవాడో, చర్చిలో పాట ఎంత తప్పుగా పాడేవాడో ఒకరికొకరు చెప్పుకునేవారు.