అమ్మకు నేర్పిన ఉద్యోగపు ఇంగ్లీషు

నాన్న పోయిన పదమూడో రోజు పొద్దున చిన్నాన్న ఒక టైపు కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. "పింఛనీ పనికి, వొదినా. ఇక్కడొక సంతకం పెట్టు" అన్నాడు. అమ్మ పెట్టేసింది. ఆమె పలాస దగ్గర పల్లెలో ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకున్న మనిషి. ఆ కాగితం మీద ఉన్నదంతా ఇంగ్లీషు. మరిది మాట మీద నమ్మకంతో, తన పేరు తెలుగులో గుండ్రంగా రాసి ఇచ్చింది.

నేను వీధి కుళాయి దగ్గర నుంచి బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేసరికి చిన్నాన్న కాగితం మడతపెడుతున్నాడు. ఏమిటది అని అడిగాను. పెద్దవాళ్ళ కాగితాలతో నీకేం పని అన్నాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి అతను స్నానానికి వెళ్ళగానే జేబులోంచి తీసి చదివాను. నాకప్పుడు పదిహేనేళ్ళు. హిందీ మీడియం బడిలో పదో తరగతి. నా ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. కానీ ఆ కాగితంలో ఒక మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది: అన్‌విల్లింగ్. బడి డిక్షనరీ తీసి చూశాను. 'అనిచ్ఛుక్' అని ఉంది. అక్కడి నుంచి దాన్ని తెలుగులోకి తెచ్చుకున్నాను. ఇష్టం లేదు. భర్త పోయినందుకు నాకు వచ్చే ఉద్యోగం చేయడం నాకు ఇష్టం లేదు, దాన్ని నా మరిదికి ఇప్పించండి, నన్నూ నా ఇద్దరు ఆడపిల్లలనూ అతనే చూసుకుంటాడు. ఇదీ మా అమ్మ సంతకం పెట్టిన సంగతి.

నాన్న రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే చోట ఫిట్టరు. కామెర్లు ముదిరి, నెల తిరక్కుండా పోయాడు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి పని ఇస్తారని, ముందు భార్యనే అడుగుతారని ఛత్తీస్‌గఢ్‌లో మేముండే గుఢియారీ పేటలో, మా వీధిలో ప్రతి ఇంటికీ తెలుసు. అమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

కాగితం చించేద్దామనుకుంటూ ఉండగానే చిన్నాన్న తడి ఒంటితో వచ్చి నా చేతిలోంచి లాక్కున్నాడు. అమ్మకు గట్టిగా చెప్పాను, అందులో ఏముందో. అమ్మ అతని ముఖంలోకి చూసి "నిజమేనేటి బాబూ?" అని అడిగింది.

"మీ మంచికే గదా వొదినా. నువ్వు ఆఫీసుకెళ్ళి మగాళ్ళ మధ్య ఏటి సేత్తావు?"

చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూటే కాగితం ఆఫీసులో ఇచ్చేశాడు. మా ఇంట్లో మూడేళ్ళుగా మా అన్నం తింటూ, ఉద్యోగం వెతుక్కుంటున్నానని చెబుతూ పడుకున్న మనిషి అతను.

మరునాడు నేనూ అమ్మా ఆఫీసుకు వెళ్ళాం. ఇలాంటి కేసులు చూసే ఆయన రిటైర్మెంటు దగ్గర పడ్డ ఛత్తీస్‌గఢీ పెద్దమనిషి. నన్ను 'నోనీ' అని పిలిచాడు, మనం పాపా అన్నట్టు. కాగితం వచ్చిందని చూపించాడు. "మీ అమ్మకు ఉద్యోగం కావాలంటే ఆమే మళ్ళీ రాసివ్వాలి, నోనీ. తరవాత ఆఫీసర్ల ముందు కూచుని తన నోటితో చెప్పాలి. చదవడం రాయడం ఎంత వచ్చో చూస్తారు. పని ఫైళ్ళు అందించే పని. సెక్షన్ల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, అవి గుర్తుపట్టాలి" అని హిందీలో నెమ్మదిగా చెప్పి ఒక ఫారం ఇచ్చాడు.

వరండాలో బెంచీ మీద కూచుని ఆ ఫారం నింపడం మొదలుపెట్టాం. ఒక్కొక్క మాటా చదివి అమ్మకు అర్థం చెబుతున్నాను. డిపెండెంట్ అంటే ఒకరి మీద ఆధారపడ్డ మనిషి. అమ్మ తల ఊపింది. విడో అంటే ఏమిటో చెప్పలేక చెప్పాను. దానికీ తల ఊపింది. నాన్న పేరు రాయాల్సిన చోట, పేరుకు ముందు లేట్ అని అచ్చువేసే ఉంది. ఆ ఒక్క మాటా అమ్మకు నేను చెప్పకుండానే తెలుసు. స్టేషన్లో రోజూ వినే మాట.

"లేటంటే ఆలస్యం గదే? మీ నాన్న ఏరోజు లేటుగా ఎల్లాడు డూటీకి?"

చనిపోయినవాళ్ళ పేరు ముందు అలా రాస్తారమ్మా అన్నాను. చాలాసేపు ఆ మాటనే చూసింది. "ఇంకో మాట దొరకనేదా ఈళ్ళకి" అంది. నాన్న పోయాక నేను ఆమెలో కోపం చూడడం అదే మొదలు. నాకు ధైర్యం వచ్చింది.

ఆ ఆదివారం చిన్నాన్న మనవాళ్ళ పెద్దల్ని నలుగుర్ని ఇంటికి పిలుచుకొచ్చాడు. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడ్డవాళ్ళే. నాన్నతో చీట్లపేక ఆడినవాళ్ళు, పండగలకు మా ఇంట్లో భోంచేసినవాళ్ళు. అమ్మ వాళ్ళకు టీ పెట్టింది. వాళ్ళు టీ తాగుతూ, ఆమె గదిలో ఉండగానే, ఆమె లేనట్టు మాట్లాడుకున్నారు. ఆడపిల్లలున్న ఇల్లు, మగదిక్కు ఉండాలి. తల్లి డ్యూటీకి పోతే పిల్లల్ని ఎవరు చూస్తారు. మరిది పరాయివాడా.

"మా వొదినకి ఇంగ్లీసు ముక్క రాదండీ. ఫైలిత్తే తలకిందులుగా పట్టుకుంటది" అన్నాడు చిన్నాన్న.

నలుగురూ నవ్వారు. అందులో ఒకాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో చాలా మరిచిపోయాను. ఆ నవ్వు మాత్రం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. వాళ్ళ గ్లాసులు నేనే కడిగాను, అది తలచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతుంది.

"నేను నేర్పుతాను" అన్నాను గుమ్మం దగ్గర నుంచి.

"నువ్వేటే నేర్పేది, గుంటవి" అన్నాడు చిన్నాన్న.

అప్పుడు అమ్మ, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, తల ఎత్తకుండా అంది: "నాను నేర్చుకుంతాను."

పాఠాలు ఎండాకాలం మధ్యాహ్నాల్లో. బయట వడగాలి. చెల్లి కూలరు ముందు పడుకునేది. అమ్మ అప్పుడే అంట్లు తోమి, తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుని నా ఎదురుగా కూచునేది. పాత క్యాలెండరు కాగితాల వెనక నేను పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. స్టోర్స్. అకౌంట్స్. అర్జెంట్. రిసీవ్డ్. అబ్సెంట్. సిక్. వాటి పక్కన అమ్మ తెలుగులో పలుకుబడి రాసుకునేది. సర్వీసు, డ్యూటీ, షిఫ్టు లాంటివి ఇంట్లో రోజూ వినేవే కాబట్టి తొందరగా పట్టుకుంది. ఎస్టాబ్లిష్‌మెంట్ దగ్గర ఆగిపోయింది. నాలుగు రోజులు అదే మాట. ఒక రోజు 'ఎస్టాబిస్‌మెంటు', ఒక రోజు 'ఇస్టాలిమెంటు'. రాసింది చూపిస్తే అక్షరాలు గుర్తుపట్టలేక అంచనా కట్టేది.

ఐదో రోజు నేను కాగితం నలిపి ఆమె ఒళ్ళోకి విసిరేశాను. "నీకు బుర్ర లేదు. చిన్నాన్న అన్నది నిజమే" అన్నాను.

ఆ మాట నాది. ఎవరూ నాతో చెప్పించలేదు. చిన్నాన్న మీద, ఆ నలుగురి మీద ఉన్న కోపమంతా తీసుకొచ్చి, నా ముందు బాసింపట్టు వేసుకుని బుద్ధిగా కూచున్న మనిషి మీద పోశాను.

అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కాగితం తీసి మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది.

"పెళ్ళైన కొత్తలో మీ నాన్ననడిగినాను, రెండచ్చరాలు నేర్పమని. ఈ ఊర్లో అంగడి బోర్డు కూడా సదవలేకపోతన్నానని. నవ్వీసినాడు. నీకెందుకే, నానున్నాను గదా అన్నాడు. పదహారేళ్ళు అలగే అన్నాడు. ఇప్పుడేడీ? నన్నెవులూ కూకోబెట్టి నేర్పనేదు. నువ్వే మొదులు. తిట్టు, పర్లేదు. మానీకు."

నాన్నంటే నాకు ప్రాణం. ఆ మధ్యాహ్నం మొదటిసారి నాన్న మీద కోపం వచ్చింది. ఉద్యోగం చేసి ఇల్లు నడిపాడు, తాగలేదు, చెయ్యి చేసుకోలేదు, అందరూ దేవుడన్నారు. ఆ దేవుడు భార్యను పదహారేళ్ళు బోర్డు చదవలేని మనిషిగా ఉంచి వెళ్ళిపోయాడు. చిన్నాన్న కాగితం తేవడానికి దారి వేసింది ఆయనే. ఈ మాట అమ్మ దగ్గర ఎప్పుడూ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ తరవాత మాటను ముక్కలు చేశాం. ఎస్టా. బ్లిష్. మెంట్. అమ్మ పప్పు కడుగుతూ అనుకునేది, బట్టలు ఉతుకుతూ బండ మీద దెబ్బకొక ముక్కగా అనేది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఇదేం మంత్రమని అడిగేది.

చిన్నాన్న ఆ రోజులన్నీ మా ఇంట్లోనే ఉన్నాడు. మేము చదువుకుంటుంటే రేడియో పెద్దగా పెట్టేవాడు. అమ్మ అతనికి అన్నం పెట్టడం మానలేదు. నేను కంచం అతని ముందు పెట్టడం మానేశాను.

ఆఫీసర్లు పిలిచిన రోజు అమ్మ నాన్న కొన్న లేత ఆకుపచ్చ చీర కట్టుకుంది. నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు ఓరగా ఉంది, గోడకు ఆనుకుని నిలబడితే మాటలు వినిపిస్తున్నాయి. ముందు పేరు, ఊరు, పిల్లలెందరు, అన్నీ హిందీలో. అమ్మకు వచ్చిన హిందీ కూరగాయల బజారు హిందీ, ఆడా మగా తేడా లేకుండా అన్నీ మగవే. తరవాత ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. అమ్మ ఒక్కో మాటా ఆగి ఆగి చదివింది. స్టోర్స్ వచ్చింది, కాన్ఫిడెన్షియల్ దగ్గర తడబడి మళ్ళీ చదివింది. ఎస్టాబ్లిష్‌మెంట్ మాత్రం మూడు ముక్కలుగా, గట్టిగా, ఉతికి ఆరేసినట్టు పలికింది. లోపల ఎవరో బాగుంది అన్నారు.

అప్పుడు ఒకాయన పాత కాగితం తీశాడు. ఉద్యోగం మీకు వద్దని, మరిదికి ఇమ్మని మీరే రాశారు గదా, ఈ సంతకం మీదేనా అని అడిగాడు.

నేను గోడకు చెవి ఆనించాను. అమ్మ ఏడుస్తుందేమో, మరిదిని కాపాడడానికి ఏమైనా అంటుందేమో అనిపించింది. సర్దుకుపోవడం అలవాటైన మనిషి కదా.

"సైన్ మేరా హై సాబ్. బాత్ మేరా నహీ హై."

సంతకం నాదే, మాట నాది కాదు. ఆ హిందీలో తప్పుంది. అంతకంటే సరైన మాట నేను ఇంతవరకూ ఏ భాషలోనూ వినలేదు.

ఆ వెంటనే, ఎవరూ అడక్కుండానే, ఇంగ్లీషులో "ఐ యామ్ విల్లింగ్ సార్" అంది. రెండుసార్లు అంది. బయటికి వచ్చి బెంచీ మీద కూచుంది. మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

ఉద్యోగం రావడానికి ఇంకా ఏడెనిమిది నెలలు పట్టింది. ఉత్తరం వచ్చిన రోజు చిన్నాన్న పెట్టె సర్దుకున్నాడు. అన్న ఇంట్లోంచి వదిన తన్ని తరిమేసిందని ఊరందరికీ చెప్పాడు. ఊళ్ళో నాన్నమ్మ నమ్మింది, మేనత్తలు నమ్మారు. మా ఇంటికి రాకపోకలు ఆగిపోయాయి. నవ్విన నలుగురిలో ఇద్దరు అమ్మ డ్యూటీకి వెళ్ళే దారిలో ఎదురై "ఏమ్మా, బాగున్నావా" అని పలకరించేవాళ్ళట. అమ్మ బాగున్నానండీ అనేదట. నేనైతే అనేదాన్ని కాదు.

ఆమె ఇరవై ఏళ్ళు ఫైళ్ళు మోసింది. తప్పు సెక్షన్లో ఒక్క ఫైలు ఇచ్చిందని ఎవరూ అనగా వినలేదు. ఆ జీతంతోనే నేనూ చెల్లీ చదువుకున్నాం. ఒకసారి సెలవుల్లో హాస్టల్ నుంచి వచ్చేసరికి ముందు గదిలో మోవా పేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూచుని ఉంది. ఆమె భర్త పోయి రెండు నెలలు. అమ్మ ఆమెకు మాటలు నేర్పుతోంది. ఆవిడ ఒక మాట ఆరుసార్లు తప్పు చదివింది. అమ్మ ఆరుసార్లూ అదే గొంతుతో సరిచేసింది. నేను చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడిపోయాను. నేను విసిరిన కాగితానికి క్షమాపణ ఆ రోజైనా చెప్పాల్సింది. చెప్పలేదు. సంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

కిందటేడు చెల్లి గృహప్రవేశానికి చిన్నాన్న వచ్చాడు. దేవేంద్ర నగర్‌లో చెల్లి కొన్న ఫ్లాటు. జుట్టంతా నెరిసింది, చేతికర్ర. అమ్మ కుర్చీ వేసి కూచోబెట్టి, భోజనం వడ్డించి, అడిగి అడిగి పెట్టింది. తిన్నాక చుట్టూ నలుగురు ఉండగా అన్నాడు: "ఆవేళ నానలాగ సేసినాను గాబట్టే ఈళ్ళకి పట్టుదలొచ్చింది. నేకపోతే ఈ ఇల్లెక్కడిది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా చిన్నగా నవ్వింది.

"నువ్వు మోసం చేశావు చిన్నాన్నా. దానికి ఇంకో పేరు పెట్టకు" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. చెల్లి నా వైపు బతిమాలుతున్నట్టు చూసింది. అతను చేతికర్ర అందుకుని లేచాడు.

అతను వెళ్ళేటప్పుడు అమ్మ నా భుజం తట్టి, పెద్దోడు గదా, కాళ్ళకి దండం పెట్టు అంది. పెట్టలేదు. లిఫ్టు తలుపు మూసుకున్నాక అమ్మ నన్ను కోప్పడుతుందని చూశాను. "విస్తళ్ళు తీయించాలి, పద" అని లోపలికి నడిచింది.