మా మర్యాదలతో పోరాడిన యోహాను మాస్టారు

యోహాను మాస్టారు ఇక లేరు! మంగళవారం మధ్యాహ్నం వార్డులో రోగులకు మందులు ఇస్తుండగా అరకు నుంచి ఫోను వచ్చింది. "మాస్టారు పోయారు" అంటే "ఏ మాస్టారు?" అని అడిగాను. నాకు ఈ భూమ్మీద మాస్టారంటే ఆయనొక్కరే. అయినా నా నోరు ఆ మాట ఒప్పుకోలేదు. ఆ మహనీయుని నిర్యాణాన్ని గురించి గంభీరంగా, అశ్రునయనాలతో రాయాలనే కూర్చున్నాను. నా వల్ల కావడం లేదు. ఆయన గుర్తొస్తే చాలు, నాకు ఉత్సాహం పొంగుకొస్తుంది. ఏం చెయ్యను? అంత సందడి మనిషి!

పార్వతీపురం ప్రాంతం నుంచి నూనూగు మీసాల వయసులో మిషను బడి ఉపాధ్యాయుడిగా కొండెక్కి, మళ్ళీ దిగని మనిషి ఆయన. అక్షరం ఎరుగని గూడేలలో విద్యాజ్యోతిని వెలిగించిన పుణ్యమూర్తి. ఏ పిల్ల ఏ ఇంటిదో, వాళ్ళమ్మ పేరేమిటో, వాళ్ళ మేక ఎప్పుడు ఈనిందో అన్నీ నోటికే చెప్పేవారు. నేను బడి ఎగ్గొట్టి అడ్డాకులు కోయడానికి పోతే ఆ కొండ కొమ్ముదాకా వెతుక్కుంటూ వచ్చారు. "ఏటే గుంటా, ఆకులు నీకు ఎక్కాలు నేర్పుతాయా?" అని చెవి పట్టుకుని దించారు. ఈరోజు నేను నర్సునయ్యానంటే ఆ చెవి మెలిక చలవే.

అప్పట్లో ఆయన వెదురుకర్రలా ఉండేవారు. పాడుచేసింది మేమే! మా గూడేలలో మాస్టారు గుమ్మంలోకి వస్తే చోడి అంబలి, అదే రాగి జావ, పొయ్యడం మహాపరాధం. అంబలి మన కోసం, వరి అన్నం మాస్టారి కోసం. కోడికూర, పైన గ్లాసు నిండా పంచదార పాకంలాంటి టీ. ఒక ఇంట తిని పక్కింట వద్దంటే పక్కింటివాళ్ళు అలిగేవారు. ఇక నడవనిచ్చేవారా? తొంభైల్లో జీపులు పెరిగాక, మాస్టారు కాలినడకన పోతే మా ఊళ్ళకే తలవంపులని ప్రతి జీపూ ఆగేది. ఉద్యోగ విరమణ నాటికి ఆయన పొట్ట ఆయనకన్నా ముందు చర్చిలో అడుగుపెట్టేది. మేము మురిసిపోయాం. మా మాస్టారు నిండుగా ఉన్నారని చెప్పుకున్నాం.

తర్వాత పేర్లు జారిపోవడం మొదలైంది. ఒక పెళ్ళిలో పెళ్ళికూతుర్ని, ఎప్పుడో చనిపోయిన ఆమె మేనత్త పేరుతో దీవించారు. మరో సంతరోజున ఉప్పు కోసమని వెళ్ళి, ఎప్పుడో కుర్రతనంలో పనిచేసిన వేరే ఊరి బడికి చేరుకుని, గుమ్మంలో కూర్చుని పిల్లలింకా రాలేదేమని విసుక్కున్నారట. ఆయన పాత విద్యార్థి, జీపు తోలే సోమన్న, బతిమాలి ఇంటికి తెచ్చాడు.

సెలవు పెట్టి పరుగున వెళ్ళాను. ఆయన సహధర్మచారిణి రూతమ్మగారు నన్ను వంటింట్లోకి లాక్కుపోయి ఏడ్చారు. "కాళ్ళు పడిపోతే నాను మోత్తాను. కళ్ళు పోతే సెయ్యట్టుకుని నడిపిత్తాను. నానెవర్తెనో మర్సిపోయి నా పక్కనే కూకుంటే ఏటి సెయ్యాలే గుంటా?" అన్నారు. వసారాలో చూస్తే ఏముంది? శిష్యులందరూ కలిసి తెచ్చిన గ్లూకోజు ప్యాకెట్లు! మతిమరుపు నీరసం వల్లనేనని తేల్చి, పూటపూటా కలిపి తాగిస్తున్నారు. నేను మామూలుగానే కోపిష్టిని. ఆ రోజు మాత్రం ఊరంతా వినేలా అరిచి, ఆ ప్యాకెట్లన్నీ పెరట్లో పారబోశాను. "మంచి సేద్దామనుకున్నాం గదే" అని సోమన్న బిక్కమొహం వేశాడు. వాడి ప్రేమలో లోపం లేదు పాపం.

మర్నాడే మా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తంలో చక్కెర చూసి పెద్ద డాక్టరుగారు తల పట్టుకున్నారు. ఓపికగా చెప్పారు: "నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని చక్కెర, రక్తపోటు. ఇవన్నీ కలిసి మెదడుకు రక్తం అందించే సన్నటి నాళాలను దెబ్బతీస్తాయి. వయసు మీద పడ్డాక ఆ దెబ్బ బయటపడుతుంది. పోయినదంతా తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను. మందులు, తిండి, నడక సరిగ్గా ఉంటే, ఉన్నది నిలుపుకునే ఆశ ఉంది."

మరొకరైతే కుంగిపోయేవారు. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు! కొత్త పాఠం దొరికిన పిల్లవాడి మొహం అది. "అంటే పొట్టకీ బుర్రకీ చుట్టరికం ఉందన్నమాట! ఇన్నాళ్ళూ ఇది నాకెవరూ చెప్పలేదేం?" అని డాక్టరుగారినే గద్దించారు.

ఇక చూడండి సమరం! మొదటి గూడెంలోనే చోడి అంబలి పొయ్యమన్నారు. "మాస్టారికి అంబలేటి బాబూ! మా పరువేటవ్వాల?" అని ఇల్లాలు బావురుమంది. "మీ పరువు కోసం నా బుర్ర అర్పించమంటావా తల్లీ?" అంటూ ఆయన వాకిట్లో చతికిలబడ్డారు. చివరికి ఆవిడ, ఇరుగుపొరుగు చూడకుండా తలుపు మూసి, కన్నీళ్ళు పెట్టుకుంటూ పోసింది. అంబలైనా కడివెడు తాగితే చక్కెర పెరుగుతుందని, వెంట వెళ్ళిన నేను గొణిగాను. "నర్సమ్మగారి ఆజ్ఞ" అని ఒక్క డొప్పతో సరిపెట్టి, ఆకుకూర అడిగి తిన్నారు. ఏడాది తిరిగేసరికి తలుపులు తీసి పొయ్యడం మొదలుపెట్టారు.

నడక సంగతి మరీ తమాషా. సోమన్న జీపు ఆపి "బేగి ఎక్కండి మాస్టారూ" అంటాడు. ఆయన ఎక్కరు. గురువుగారిని దాటుకుని పోవడానికి వాడికి కాళ్ళూ చేతులూ ఆడవు. జీపు నిండా జనంతో ఆయన వెనకాలే నత్తనడకన తోలేవాడు! లోపలివాళ్ళు "సంతకి ఎప్పుడెళ్తాంరా?" అని తిట్టి, విసుగెత్తి, దిగి ఆయనతోపాటు నడిచేవారు. ఆయనకు కావలసిందీ అదే. "నన్ను గౌరవించాలంటే నాకు వడ్డించకండి, నాతో నడవండి" అనేవారు. ఎంత మాట!

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక లేచి, "నాకు మతిమరుపు వచ్చింది. ఇందులో సిగ్గేమీ లేదు. పొట్ట పెంచిన పెద్దలంతా ఆసుపత్రికి పదండి, ఫాదరుగారితో మొదలు" అని ప్రకటించారు. ఫాదరుగారు నవ్వుతూనే చక్కెర పరీక్ష చేయించుకున్నారు, అది ఎక్కువే ఉంది. కొండల్లో ఎంతమంది ఆ రోజు తర్వాత మా ఆసుపత్రి మెట్లెక్కారో నాకు తెలుసు.

అన్నీ తిరిగి రాలేదు. కొన్ని పేర్లు పోయినవి పోయినట్టే పోయాయి. నన్నే ఒకసారి మా అక్కనుకుని పలకరించారు. అలాంటప్పుడు ఆయన కళ్ళలో భయం కనిపించేది. అయినా మరుసటి ఉదయం మళ్ళీ నడకకు బయలుదేరేవారు. అలా ఏళ్ళు నెగ్గుకొచ్చారు. చివరికి ఆయనను తీసుకుపోయింది ఊపిరితిత్తుల జబ్బు.

ఆయన స్థానం భర్తీ అయ్యేది కాదు. పాఠం చెప్పిన గురువులు చాలామంది ఉంటారు. తన జబ్బునే పాఠంగా చేసి కొండకొండకూ మోసుకెళ్ళిన గురువు మాకు మళ్ళీ దొరకరు. ఆ పాదాలకు సాష్టాంగ ప్రణామం.

సమాధి దగ్గర రూతమ్మగారిని ఓదార్చబోయాను. ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళనిండా నీళ్ళు, మొహంలో మాత్రం ఏదో గర్వం. "ఆకరిపూట జావలో ఉప్పెక్కువైందని తిట్టాడే గుంటా! 'ఒసే రూతూ' అని పేరెట్టి తిట్టాడు. నన్నెరిగే పోయాడు."