మూడోసారి అడిగితేనే

హాలండ్ నుంచి వచ్చిన అమ్మాయి మా ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే మా అమ్మ వాటా కాఫీ కూడా తనే తాగేసింది. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. ట్రేలో మూడు గ్లాసులు వచ్చాయి. ఒకటి నాకు, ఒకటి తనకు. మూడోది చూపించి, "ఇది మీకా, ఆంటీ?" అని అడిగింది.

"నాకెందుకమ్మా, అది కూడా నువ్వే తాగు" అంది అమ్మ.

మా వైపు మనిషైతే ఇక్కడ "అయ్యో, అదేంటండీ, తీసుకోండి" అనాలి. అమ్మ మళ్ళీ వద్దనాలి. మళ్ళీ బతిమాలాలి. అప్పుడు అమ్మ, ఏదో మన మాట కాదనలేక అన్నట్టు గ్లాసు అందుకోవాలి. ఈ పిల్ల "థాంక్యూ ఆంటీ" అని రెండో గ్లాసు కూడా ఎత్తేసింది. అమ్మ మొహం చూసి, నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాను.

మాది గుణదల. మేరీమాత కొండకి వెళ్ళే దారిలో డాబా ఇల్లు. ఆ అమ్మాయి తమ దేశంలోనే ఆరేళ్ళు కూచిపూడి, దాంతోపాటు తెలుగూ నేర్చుకుని, ఇంకో మూడు నెలలు ఇక్కడి మాస్టారి దగ్గర సాధన చేసి, కూచిపూడి ఊళ్ళోనే ఒక్కసారి ఆడి వెళ్ళాలని వచ్చింది. నా కొలీగ్ ఒకావిడ చెబితే మా మేడమీద గది ఇచ్చాం. ఎత్తు దాదాపు ఆరడుగులు. రెండు రోజుల్లో మా గుమ్మాలన్నిటికీ తల కొట్టుకుంది. రైల్వేలో రిటైరైన మా నాన్న ప్రతి గుమ్మానికీ పైన ఒక ఎర్రగుడ్డ కట్టి, "ఇహ సిగ్నల్ చూసుకుని రావాలమ్మా" అన్నాడు. అప్పట్నుంచి ఆ పిల్ల వంగి వస్తుంటే, ఎర్రగుడ్డ చూసీ చూసీ అలవాటై మేం కూడా వంగి నడవడం మొదలుపెట్టాం. మాలో ఎవరూ అయిదున్నర అడుగులు దాటరు.

అన్నం దగ్గర కథ ఇంకోలా ఉండేది. తను "చాలు" అంటే అమ్మ ఇంకో గరిటె పప్పు వేసేది. పళ్ళెంలో వదిలేయడం వాళ్ళింట్లో పెద్ద తప్పట, అందుకని కళ్ళు మూసుకుని తినేది. పళ్ళెం ఖాళీ అయితే పిల్లకి కడుపు నిండలేదని అమ్మ మళ్ళీ వడ్డించేది. వారం తిరిగేసరికి నా గదిలోకి వచ్చి మంచం మీద పడి, "నేను వద్దన్నప్పుడు మీ అమ్మగారికి వినపడదా?" అని అడిగింది. వినపడుతుంది, కానీ నమ్మదు అని చెప్పాను. "అయితే నిజంగా వద్దనుకున్నవాళ్ళు ఏం చేస్తారు?" అంది. ఆలోచించాను. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరూ గుర్తుకు రాలేదు.

ఒకరోజు బెండకాయ వేపుడు నోట్లో పెట్టుకుని, "ఆంటీ, ఇవాళ ఉప్పు ఎక్కువైంది" అంది మామూలుగా. నాన్నకి పొలమారింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ వేపుడు ఉప్పగానే తింటున్నాడు, నోరెత్తలేదు. అమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది. మూడో రోజు నుంచి మాత్రం ఏ కూర దించినా ముందు గరిటెతో మేడెక్కి ఆ పిల్లకే రుచి చూపించేది. "మీరంతా బాగుందంటారు. అది నిజం చెబుతుంది" అనేది. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ నవ్వొచ్చింది.

అమ్మ మేడెక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది. పై గదిలో మువ్వలు మోగితే కింద అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. అమ్మ పుట్టింది కూచిపూడి పక్క ఊళ్ళో. చిన్నప్పుడు ప్రదర్శన ఉందంటే పిల్లలంతా పరుగెత్తేవాళ్ళట, తీరా వెళితే పెద్దవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనిపించేవి కావట. "మువ్వలు విని వచ్చేసేవాళ్ళమే. కాళ్ళు ఎప్పుడూ చూళ్ళేదు" అంది ఒకసారి, చిక్కుడుకాయలు వలుస్తూ. పిల్ల ప్రదర్శన తేదీ ఖాయమైన రోజునే, నాలుగు రోజుల ముందే, అమ్మ నెమలికంఠం రంగు చీర ఇస్త్రీకి వెళ్ళింది. అమ్మ ఏమీ అనలేదు, మేమూ అడగలేదు. కానీ ఈసారి ఆ కాళ్ళు చూడాలన్నదే ఆమె కోరికని ఇంట్లో అందరికీ తెలుసు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మాస్టారి కారు వచ్చింది. నేను స్నానం చేస్తున్నాను. బయటికి వచ్చేసరికి కారు వెళ్ళిపోయింది. అమ్మ ఆ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది.

"నువ్వు వెళ్ళలేదేంటమ్మా? కార్లో చోటు లేదా?"

"ఉంది."

"మరి తను అడగలేదా?"

"అడిగింది. నేనెందుకులేమ్మా, మీ డాన్సువాళ్ళ మధ్యలో అన్నాను." అమ్మ కొంగు సర్దుకుంది. "ఓకే ఆంటీ అని వెళ్ళిపోయింది. ఒక్కసారే అడిగిందే!"

నాన్న పేపరు కింద పెట్టాడు. "ప్రోగ్రాం పదకొండింటికి. స్కూటీ మీద తీసుకెళ్ళవే" అన్నాడు. అమ్మ వద్దంది, ఎండంది, మోకాళ్ళంది, జనం నవ్వుతారంది. అంటూనే చెప్పులు వేసుకుంది.

గుణదల నుంచి రైతుబజారు దాకా తప్ప నా స్కూటీ ఎక్కని మనిషి, ఆ రోజు అరవై కిలోమీటర్లు ఎక్కింది. పెనమలూరు దాకా నా నడుం పట్టుకుని జపమాల చెప్పింది. కంకిపాడు దాటాక ధైర్యం వచ్చి, దారిలో పచ్చటి పొలాల మీద వ్యాఖ్యానం మొదలుపెట్టింది. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ వెనక పడితే "దాటెయ్యవే, దాటెయ్!" అని నా భుజం మీద కొట్టింది. చెరుకురసం బండి దగ్గర ఆపి, తాగుతావా అని వరసగా మూడుసార్లు అడిగాను. రెండు గ్లాసులు తాగింది. అక్కణ్ణుంచే ఆ పిల్లకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఆవిడ వద్దన్నారు కదా!" అని అరిచింది అవతల నుంచి. "మూడుసార్లు అడగాలని ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదేం?"

పామర్రు మీదుగా కూచిపూడి చేరేసరికి పది ముప్పావు. అమ్మ అలవాటుగా వెళ్ళి షామియానా చివర, అందరి వెనక నిలబడింది. ఇంతలో తెర పక్కనుంచి ఆ పిల్ల వచ్చింది. పూర్తి అలంకరణ, పూలజడ, కాళ్ళకి మువ్వలు, ఆరడుగుల మనిషి. జనం దారి ఇచ్చారు. అమ్మ ముందు ఆగి, ఊపిరి తీసుకోకుండా, "ఆంటీ, ముందు వరసలో కూర్చుంటారా? ముందు వరసలో కూర్చుంటారా? ముందు వరసలో కూర్చుంటారా?" అంది.

అమ్మ పగలబడి నవ్వింది. పూలు ఊడి భుజం మీద పడేంతగా నవ్వింది. "పదవే తల్లీ, కూర్చుంటా" అంది.

ఆ పిల్ల ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడినంతసేపూ అమ్మ నా చెయ్యి వదల్లేదు. నేను వేదిక కంటే అమ్మనే ఎక్కువ చూశాను. కుర్చీ కింద చెప్పులు విడిచి, వేళ్ళతో తాళం వేస్తోంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

తిరుగు దారిలో ఆ గాలికి నోరు ఊరికే ఉండక అమ్మని ఆటపట్టించాను. "నోరు తెరిచి వస్తానంటే పోయేది కదమ్మా! పాపం, ఆ పిల్లకేం తెలుసు. ఒక్కసారి అడిగి వెళ్ళిపోయింది."

"నువ్వూ అంతేగా" అంది అమ్మ, కోపం లేకుండా. "వేలాంగణి వెళ్ళేప్పుడు."

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆఫీసు స్నేహితులతో వేలాంగణి మాత గుడికి వెళ్ళాను. అమ్మకి ఆ మాత అంటే ప్రాణం. నాన్నకి రైల్వే పాసులుండేవి గానీ సెలవు దొరికేది కాదు, అమ్మ ఎప్పుడూ వెళ్ళలేదు. బ్యాగు సర్దుకుంటూ, వస్తావా అని అడిగాను. మీ పిల్లల మధ్య నేనెందుకే, మీరెళ్ళి రండి అంది. సరేనన్నాను. వస్తూ గుళ్ళో ఇచ్చే ప్రార్థన నూనె సీసా ఒకటి తెచ్చి ఇచ్చాను. ఆ పిల్లకి మన పద్ధతి తెలియదు. నేను పుట్టింది ఈ ఇంట్లోనే.

స్కూటీ పక్కకి ఆపాను.

"అమ్మా, వేలాంగణి వెళ్దామా?"

"ఇప్పుడెందుకులేవే."

"వెళ్దాం. మనిద్దరమే."

"ఈ మోకాళ్ళతోనా?" అంది. అని, నా వైపు చూస్తూ ఆగింది.