రాజుగారి గంజపా

మా బరంపురంలో పాత కళలకి ఒక మ్యూజియం ఉందంటే అది నేను పెట్టిందే. బడా బజార్ వెనక సందులో, పాత ధాన్యం గోదాము మేడమీద రెండు గదులు. ఈ మాట రైల్లో ఎదురుసీటు వాళ్ళకి చెప్పాను, పెళ్ళిళ్ళలో పక్క విస్తరి వాళ్ళకి చెప్పాను, పన్ను పీకుతున్న డాక్టరుకి కూడా చెప్పబోయాను.

పెట్టింది నేను కాదు. రిటైరైన డ్రాయింగు టీచరమ్మ ఒకావిడ పెట్టింది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. జనం అటకల మీంచి దించి పాతసామాన్ల వాడికి వేసేస్తున్న ఇత్తడి చేపలూ, పట్టుచీరల అంచులూ, ఠాకురాణి అమ్మవారి యాత్రలో వేషాలకి పెట్టుకునే పులి తలలూ ఆవిడ ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చింది. మొదటి మీటింగుకి నేను వెళ్ళిన మాట మాత్రం నిజం. గేట్ బజార్లో మా బట్టల కొట్టుకి ఆ వేళ కరెంటు లేదు, అక్కడ ఉంది. ఫ్యాను కింద కూర్చుని, ఊరికే కూర్చుంటే బాగోదని, కొట్లో తలుపు సరిగ్గా పడని అద్దాల బీరువా ఇస్తానన్నాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు చెవిన పడ్డాక నాలాంటివాడు ఆగలేడు. మా నాన్న ఆడుకున్న గంజపా పెట్టె కూడా ఇచ్చేస్తానన్నాను.

గంజపా అంటే గుండ్రటి పేకముక్కలు. గుడ్డ మీద గుడ్డ చింతపిక్కల జిగురుతో అంటించి, ఎండబెట్టి, గుండ్రంగా కోసి, రంగులు వేసి, పైన లక్క పూస్తారు. వాటిని బీరువాలో పెట్టిన మొదటి రోజే ఒక స్కూలు పిల్ల నన్నడిగింది, "రాజులు ఆడుకునీవోరా తాతగారూ ఇవి?" అని. పిల్లని నిరాశపరచడం ఎందుకని ఔనన్నాను. ఆ మరుసటి ఆదివారానికి మా ముత్తాత దర్బారుకి వెళ్ళొచ్చాడు. ఇంకో నెలకి రాజుగారు స్వయంగా వీపు తట్టి ఆ పెట్టె చేతిలో పెట్టారు. ముక్కల వయసు ఎనభై ఏళ్ళతో మొదలై, చూస్తుండగానే రెండువందలు దాటింది. నాతో వేగలేక టీచరమ్మ చీటీ కూడా అలాగే రాసింది: "రాజుగారి కాలపు గంజపా." కింద దాతగా నా పేరు, కాస్త పెద్ద అక్షరాల్లో.

వస్తువుల్ని మళ్ళీ జనానికి వాడుకోడానికిచ్చే మ్యూజియం ప్రపంచంలో మాదొక్కటే. ప్రపంచమంటే ఇటు పలాస దాకా, అటు భువనేశ్వర్ దాకా చూశాను. యాత్రకి వేషం మొక్కుకున్నవాళ్ళు పులి తల అడిగి పట్టుకెళ్ళి, మీసం ఊడగొట్టి తెచ్చిస్తారు. నేతగాళ్ళు వచ్చి పాత అంచుల ముందు నేల మీద చతికిలబడి పోగుల లెక్క రాసుకుంటారు. ఆదివారాలు ముసలాళ్ళం కొత్త గంజపా ముక్కలతో ఆట వేస్తాం. నేను ఓడిపోయినప్పుడల్లా లేచి బీరువా దగ్గరికి పోయి, ఎవరు దొరికితే వాళ్ళకి రాజుగారి కథ చెబుతాను.

మొన్న వర్షాలయ్యాక ఓ ఆదివారం అలాగే చెబుతుంటే ఒకావిడ నిలబడి పూర్తిగా విన్నది. ఏభై ఏళ్ళుంటాయి. వేళ్ళ సందుల్లో రంగు. దిగపహండి దారిలో ఏదో ఊరు, బస్సులో వచ్చిందట. టీచరమ్మకి ఒడియాలో ఏదో చెప్పి, నా మొహం చూసి తెలుగులోకి దిగింది.

"ఇవి మా నాన్న ఏసినవి మౌసా."

ఒడియాలో బాబాయి వరసన మౌసా అన్నందుకు మెత్తబడ్డాను గాని, ముక్కలు ఇవ్వడానికి కాదు.

"పట్టుకెల్లిపోడానికి రానేదు," అందావిడ. "మొన్న వానల్లో నాన్న పోయినాడు. ఆయన ఏసిన ముక్కలన్నీ జనం ఆడి ఆడి పారీసినారు. ఓ జట్టు పూర్తిగా మిగిలింది ఇదొక్కటే. కింద ఆయన పేరు రాయండి. ఇంకేటీ వొద్దు. ఓ సోటైనా ఉండాల కదా."

"మీ నాన్నగారు గొప్పోరేనమ్మా. కానీ ఇవి రాజుగారి కాలం నాటివి. మా ముత్తాతకి దర్బారులో…"

ఆవిడ టీచరమ్మనడిగి, అంచు విచ్చుకున్న ముక్క ఒకటి బయటికి తీయించింది. లోపలి పొరలోంచి నీలం పోగు ఒకటి లాగి, గూట్లో దేవుడి దీపం దగ్గరున్న అగ్గిపెట్టె అందుకుని గీసింది. నూలుపోగు అయితే కాలి బూడిదవుతుంది. ఇది ముడుచుకుని, నల్లగా, గట్టిగా ఉండ కట్టింది. ఈ పరీక్ష నా కౌంటరు మీద నేను వందలసార్లు చేసి చూపించాను. ఎప్పుడూ పక్క కొట్టువాడి గుడ్డకే.

"రాజుగారి కాలంలో టెరికాటన్ ఉండీదేటి మౌసా?"

ఆట ఆగిపోయింది. ముసలాళ్ళందరూ ముక్కలు బోర్లించి ఇటు తిరిగారు.

"నాన్న ఎప్పుడూ సెప్పీవోడు. గేట్ బజార్ షావుకారు నూలని సెప్పి టెరికాటన్ ముక్కలిచ్చినాడంట. జిగురు పట్టనేదు, మూడుసార్లు అంటించినానని."

"ఎవరో ఆ షావుకారు?" అన్నాడు నా జట్టులో ఆడే పెద్దమనిషి, నా వైపే చూస్తూ.

నేను ఫ్యాను వైపు చూశాను. నలభై ఏళ్ళ కిందట మా నాన్న పాత ముక్కలు అరిగిపోతే ఆ చిత్రకారుణ్ణి కొట్టుకి పిలిపించింది నిజం. నూలుగుడ్డ ఇవ్వమని నాన్న చెబితే, షర్టింగు కత్తిరించగా మిగిలిన పీలికలు మూటకట్టి ఇచ్చింది నేను. ఆయన మూట విప్పి, గుడ్డ నలిపి చూసి, నా మొహంలోకి ఒకసారి చూసి, మూట మళ్ళీ కట్టి పట్టుకెళ్ళాడు.

అందుకే నేను వెనకాడలేదు. ఆ క్షణమే బీరువా తెరిచి, పాత చీటీ నా చేత్తో నేనే చింపి, ఆయన పేరు పెద్దక్షరాల్లో రాయించాను. ఆయన కూతురు కళ్ళు తుడుచుకుంది. ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కందిపప్పు ఏరడం ఆపి తలెత్తింది.

"ఆ చనమేనేటి? ఆయమ్మి మూడు ఆదివారాలు బస్సెక్కి వొచ్చింది. రెండోసారి వొస్తే, రాజుగారు సీమ నుంచి టెరికాటన్ తెప్పించుకునుంటారని సెప్పినారు మీరు. మూడోసారి జొరమని ముసుగెట్టి పడుకున్నారు. సీటీ పీకింది టీచరమ్మ. నాన్న పేరు రాసుకున్నది ఆయమ్మి. మా ఆయన పెద్దోడు, ఆయన పేరు కూడా ఉంచండమ్మా అని నేనెల్లి బతిమాలితే, టెరికాటన్ ఇచ్చినవారు అని కింద మీ పేరు సన్నంగా రాసినారు."