నడవలో దొరల అనాస

జగన్నాధం మంచివాడు. ఆ మాట అనడానికి శ్రీకాకుళంలో ఎవరూ వెనకాడరు. అరసవల్లి రోడ్డులో అతని కిరాణా కొట్టు. తూకంలో మోసం లేదు, మాటలో దురుసు లేదు. అసలు మాటే లేదు, అదే వచ్చిన చిక్కు. నలుగురు చేరి గట్టిగా మాట్లాడితే చాలు, అతని నాలుక ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే ఎరుక. చూరు వంక చూస్తూ నిలబడిపోతాడు. అలాంటి మనిషిని ఏం చేస్తాం? కొట్టలేం, తిట్టలేం.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది అతని అప్ప, అంటే అక్క, నారాయణమ్మ. పెళ్లయి, బావ రైల్వే ఉద్యోగంతో ఖర్గపురం వెళ్లి, ఆయన రిటైరయ్యాక నౌపడలో ఇల్లు తీసుకున్నారు. తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకున్నాడని తెలిసి, ఖర్గపురంలో ఏ దొరల బంగళాలోంచో సంపాదించి ప్రాణంగా పెంచుకున్న మొక్కను కుండీతో సహా గోనెలో చుట్టి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆ జాతి మొక్క ఆవిడకున్నది అదొక్కటే. చూడ్డానికి అచ్చం అనాస మొక్క, కానీ పండు కాయదు. ఆకుల మీద వెండి చారలు, అంచుల వెంట ముళ్లు, నడిమధ్య గిన్నెలాంటి గుంట. నీళ్లు ఆ గుంటలో పోయాలి. వీధివాళ్లు దానికి దొరల అనాస అని పేరు పెట్టారు.

గృహప్రవేశం నాడు దీపం పట్టుకుని ముందుగా గడప దాటాల్సింది ఆడపడుచు. నారాయణమ్మకు కుడికాలు బోదకాలు. ఆ ఊళ్లో అదేం వింత కాదు, వీధికి నలుగురున్నారు. అయినా జగన్నాధం పెళ్లాం భాగ్యవతికి ఒక మేనత్త ఉంది, గున్నమ్మ. ఆవిడ నోరు ఊరుకుంటుందా?

"కొత్త ఇంట్లోకి ముందుగా ఆ కాలా ఎల్లడం? ఇంకెవురూ దొరకనేదేటి మీకు?" అనేసింది అందరి ముందూ.

నారాయణమ్మ దీపం పట్టుకుని తమ్ముడి వంక చూసింది. ఒక్క మాట చాలు. మా అప్పే ముందు నడుస్తుంది అంటే గున్నమ్మ నోరు మూతపడేది. జగన్నాధం పందిరి వంక చూశాడు. ఏముందయ్యా ఆ పందిట్లో, నాలుగు తాటాకులు తప్ప! ఆవిడ ఇంకాసేపు చూసి, దీపాన్ని అరుగు మీద పెట్టింది.

"నా కాలు మీ గడప తొక్కదురా," అని, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయింది. మొక్క మాత్రం ఇంటి నడవలోకి చేరింది.

ఆ తర్వాత ప్రతి అమావాస్యకీ కొట్టు కట్టేసి జగన్నాధం నౌపడ బండెక్కేవాడు. అప్ప కంచంలో అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. అతనూ క్షమించమని అడగలేడు కదా, గోడకు చేరగిలబడి కూచునేవాడు. అలా కొన్నాళ్లు గడిచాక ఒక రోజు ఆవిడే అడిగింది.

"మొక్క ఎలాగున్నాది?"

ప్రాణం లేచొచ్చింది జగన్నాధానికి. "బాగున్నాదప్పా. నడవంతా ఆకులే. మనిషి పక్కకి తిరిగి ఎల్లాల."

అక్కణ్ణించి అక్కాతమ్ముళ్లకు మాటంటే ఆ మొక్క మాటే. ఇక్కడ ఇంట్లో భాగ్యవతి మొత్తుకునేది. అటు వెళితే చీర పట్టుకుంటుంది, ఇటు వస్తే జబ్బ గీరుతుంది, గిన్నెలో దోమలు గుడ్లు పెడుతున్నాయి. జగన్నాధం అడకత్తెరతో ఆకుల కొసలు కత్తిరించాడు. అవి గోధుమరంగుకు తిరిగి ఎండాయి గానీ మొక్క అంగుళం కూడా తగ్గలేదు. ఆ సంగతి చెప్పి అప్పతో చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లు ఎంత తియ్యగా ఉన్నాయో!

"ఆకు కోస్తే తగ్గుతాదేట్రా బుద్ధినేనోడా? పెద్ద కుండీలోకి మార్చకు, ఇరుగ్గా ఉంటే ఎక్కువ పెరగదు. పేడ ఎయ్యకు. పాత నీల్లు ఒంపీసి కొత్తవి పొయ్యి, దోమలుండవు."

అలాగే చేశాడు. మొక్క కాస్త అదుపులోకి వచ్చింది. రెండేళ్లు తిరిగాక నడిమధ్య నుంచి గులాబీ రంగు గెల ఒకటి లేచి, ముళ్ల మధ్య ఊదా పువ్వులు పూసింది. వీధి వీధంతా వచ్చి చూసింది. ఆ వార్త విన్న రోజు నారాయణమ్మ నవ్వింది. తమ్ముడికి ఇష్టమని గుమ్మడికాయ దప్పళం కాచి పెట్టింది. రైల్లో తిరిగొస్తూ జగన్నాధం కళ్లు తుడుచుకున్నాడు.

అదే ఆఖరి సంతోషం. పువ్వు వాడాక ఆకులు ఒక్కొక్కటే పసుపుకు తిరగసాగాయి. మొదట్లోంచి పిలకలు పొడుచుకొచ్చాయి.

"తల్లికే దారినేక సస్తన్నాం, ఇప్పుడు పిల్లలు కూడానా!" అంది భాగ్యవతి.

జగన్నాధానికి అరటి సంగతి తెలుసు. గెల దిగేదాకా పిలకలను నరికేస్తేనే తల్లి చెట్టుకు బలం, ఆ చుట్టుపక్కల రైతు ఎవణ్ణడిగినా అదే చెబుతాడు. తల్లి బతకాలి. అప్ప ఒళ్లో కూచుని వచ్చింది ఆ తల్లే కదా! వేలెడు పిలకను వచ్చింది వచ్చినట్టే పీకి పెంటమీద పారేశాడు. అలా నాలుగు పీకాడు. ఇంకేమీ మొలవలేదు. ఆకులు ఎండుతూనే ఉన్నాయి. నీడకు జరిపాడు, ఎండకు జరిపాడు, చన్నీళ్లు పోశాడు, వేన్నీళ్లు పోయడం ఒక్కటే తక్కువ. ఒకనాడు పట్టుకుంటే మొక్క మొదలుతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. నడవ విశాలమైపోయింది. అతను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

భాగ్యవతి చెడ్డది కాదు. "నిజం సెప్పీసి వదినని తీసుకొచ్చీండి. ఇప్పుడు మా మేనత్త రావడమూ నేదు, ఆ మాటలనడమూ నేదు. గడపలో నానే ఆవిడ కాల్లు కడుగుతాను," అంది.

సరేనన్నాడు, బండెక్కాడు. అప్ప "మొక్క ఎలాగున్నాది?" అనగానే "బాగున్నాదప్పా," అనేశాడు. మరుసటి అమావాస్యకీ అంతే. లేని మొక్కకు మాటల్లోనే నీళ్లు పోశాడు, ఆకులు తుడిచాడు. ఆ అబద్ధాన్ని పెంచడం ఎంత తేలికో, తగ్గించడం అంత కష్టమైపోయింది పాపం.

ఆ ఎండాకాలం వెళ్లినప్పుడు నారాయణమ్మ ఉత్సాహంగా ఉంది.

"పువ్వు ఒడిలిపోయి సాన్నాల్లయింది కదా. ఈపాటికి తల్లి ఎండిపోవాలే? నువ్వు సెప్పడం నేదు గానీ."

జగన్నాధం తల ఎత్తాడు.

"ఒకసారి పూసిందంటే ఆ తల్లి ఇంక బతకదురా. ఏటి సేసినా నిలబడదు. దాని పేరు నిలబెట్టేవి పిలకలే. ఎన్నొచ్చినాయి?"

"నాలుగు," అన్నాడు. అది మాత్రం నిజం.

"నాలుగే!" ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఒకటి నాకు కావాల. నువ్వు తెస్తే ఇరగ్గొట్టెస్తావు, నానే వస్తాను. ఏదో ఉక్రోషంలో అన్నాను గానీ, ఎన్నాల్లని పట్టుకు కూకుంటాను? ఎల్లుండి వస్తాను. రానా?"

ఇన్నేళ్లూ అతను కోరుకున్నది ఆ మాటే. మొక్క పోయింది, నాలుగు పిలకలూ నా చేత్తోనే పీకేశాను, అయినా నువ్వు రా అప్పా అంటే అయిపోయేది. ఆవిడ నాలుగు తిట్టి, తిట్టుకుంటూనే వచ్చేది. జగన్నాధం నోరు తెరిచాడు. కానీ చూపు తనంతట తానే పైకి, ఇంటి దూలాల వైపు వెళ్లిపోయింది.

నారాయణమ్మ ఆ చూపును గుర్తుపట్టింది. కుడికాలు వెనక్కి లాక్కుని, చీర కుచ్చెళ్లు దాని మీదికి సర్దుకుంది.

"సర్లే," అంది. "మీ ఇంట్లో ఇంకా అదే మాటన్నమాట. బండికి యేలయింది, ఎల్లు నాయినా."

అతను లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ లోపల పళ్లెం కడుగుతోంది. పై అమావాస్యకీ వెళ్లాడు, ఆ పై అమావాస్యకీ వెళ్లాడు. ఆవిడ అన్నం పెట్టింది. మొక్క సంగతి మాత్రం మరి అడగలేదు.