ఎనభై మూడు సీసాల ప్రేమదాసు

జగ్గయ్యపేట ఆస్పత్రిలో కళ్లె పరీక్షలు చేసే మా ప్రేమదాసు నానా తంటాలూ పడి పట్టుకున్న మొట్టమొదటి క్షయ క్రిమి నాది. 1956లో. నా కళ్లె అద్దంపలక మీద రాసి, వేడి చేసి, ఎర్రరంగు పోసి, కడిగి, మైక్రోస్కోపులో కన్నుపెట్టి మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు "దొరికాడండీ పుల్లయ్యగారూ" అంటూ పరిగెత్తుకొచ్చాడు. పంచాయతీకి రెండుసార్లు నెగ్గినవాణ్ణి, వీధిబడిలో ఎక్కాలన్నీ వెనకనుంచి ఒప్పజెప్పినవాణ్ణి. ఈ ఘనతా నాకే దక్కింది. ఏడాదిన్నర సూదులు పొడిపించుకుని బతికి బట్టకట్టా.

అప్పట్నుంచి ఎవరు దగ్గినా జేబులోంచి సీసా తీయడమే ప్రేమదాసు జబ్బు. పెళ్లిలో ఫాదరుగారు గొంతు సవరించుకున్నా, "కాస్త లోపల్నుంచి తీసి ఉమ్మండి" అనేవాడు. రంగుకి చిక్కకపోయినా వదిలేవాడు కాదు. కోడిగుడ్లు గిలక్కొట్టి, గాజుగొట్టాల్లో గడ్డకట్టించి, దాని మీద కళ్లె పూసి, క్రిమి మొలుస్తుందేమోనని ఎనిమిది వారాలు కాపలా కాసేవాడు.

"పిల్లలకు పప్పుచారు, పురుగులకు కోడిగుడ్లు," అనేది వాళ్లావిడ ఆరోగ్యమ్మ.

"పిల్లలు పిలిస్తే వస్తారే. ఇవి గుడ్డు చూపిస్తేగాని రావు."

ఈ ఏడు శ్రావణంలో దేవమణి టీచరుకు దగ్గు పట్టుకుంది. క్షయేనని పుకారు. బడి కమిటీ ప్రెసిడెంటు జగన్నాథరావు ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు. పోనీ పరీక్షకెళ్దామంటే, ఆస్పత్రి మెట్టెక్కడం చూస్తే చాలు, ఊరు నిజమేననేస్తుంది.

మర్నాడే ప్రేమదాసుకు పిచ్చి ముదిరింది. బజార్లో బల్ల వేసుకుని దారినపోయే వాళ్లందరి చేతా ఉమ్మించాడు. ఎనభై మూడు సీసాలు. టీచరుదీ, ప్రెసిడెంటుదీ, మళ్లీ నాదీ.

"టీచరు సంగతి తేల్చవయ్యా," అన్నాడు జగన్నాథరావు.

"రంగులో ఎవరికీ ఏమీ కనబళ్లేదండి. అందరివీ గుడ్ల మీద పెట్టా. మీ గొట్టం ఆవిడ గొట్టం పక్కనే ఉంది. ఎనిమిది వారాలు ఎవర్నీ ఏమీ అనడానికి లేదు."

ఎనిమిది వారాలూ గడిచాయి. ఒక్క గొట్టంలోనూ ఏమీ మొలవలేదు. టీచరు దగ్గు వానలతోపాటే పోయింది, ఉద్యోగం నిలిచింది.

"ఆవిడదొక్కటే చూస్తే పోయేదిగా?" అన్నా.

"ఒక్కావిడనే పిలిస్తే ఊరంతా ఆవిడ వంకే చూస్తుందండి. నన్నంటారా, ఎలాగూ పిచ్చోడనే అంటున్నారు."

రంగు నిండుకుందని గుంటూరు వెళ్లాడు. నిన్న జగన్నాథరావు మా అరుగెక్కాడు, తువాలు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతూ.

"ప్రేమదాసు ఎప్పుడొస్తాడు? నన్నొక్కణ్ణే పిలవడు గదా?"

"పిలవడులే. ఊరంతటినీ పిలుస్తాడు. అక్టోబరు 27, శనివారం వస్తున్నాడు."